బ్రదికియున్నవారి గీత

మా గోదావరి సీమలో ఏ యింటనుండియైనను వేకువజామున భగవద్గీత వినవచ్చెనేని, ఇరుగుపొరుగువారి నోట మొదట వెలువడు ప్రశ్న "పాపం, ఎవరు పోయారండి?" అనునదియే. ఇది పరిహాసమునకు చెప్పుచున్న మాట కాదు. మా వీధి చివరనున్న విశ్రాంతోద్యోగి యొకరు, డెబ్బదియేండ్లు దాటినవారు, ఉదయకాలమున గీత వినుట యలవాటు చేసికొనిరి. మూడవనాడే కోడలు వచ్చి, "మావయ్యగారూ, చెవిలో పెట్టుకుని వినండి. ఇప్పటికే ఇద్దరు పలకరించడానికి వచ్చి వెళ్ళారు" అని బ్రతిమాలుకొనినది. ఆయన నవ్వి యొప్పుకొనిరి. నవ్వదగిన విషయమే గాని, నవ్వి మఱచిపోదగినది కాదని నా తలంపు. ఏడువందల శ్లోకముల గ్రంథము, ఎన్నియో భాష్యములకు మూలమైన గ్రంథము, తెలుగువారి యింట శవము లేచువఱకు మాత్రమే మ్రోగు పాటగా నెట్లు మాఱినది?

కారణము వెదుకుటకు దూరము పోనక్కఱలేదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తమ జీవితపు చివరి భాగమున నూఱు శ్లోకములకు పైగా ఏర్చి, తెలుగు తాత్పర్యముతో గానము చేసిరి. ఆయన 1974 ఫిబ్రవరి 11వ తేదీన గతించిరి. రికార్డు ఆ పిమ్మటనే లోకమునకు వినవచ్చినది. మరణించిన గాయకుని గొంతు మరణములేని యాత్మను గుఱించి పలుకుచుండగా విన్నవారి మనస్సు కరగకుండునా? సంస్కృతము రాని యిల్లాండ్రకును, అక్షరము రాని కూలివారికిని గీత యనగా నేమో వినిపించిన పుణ్యము ఆ కంఠమునదే. ఇందులో నాకు సందేహము లేదు. తరువాత నది దుఃఖమున్న యింటికి ఓదార్పుగా పోయినది. అటనుండి శ్మశానమునకు, వైకుంఠరథమునకు పోయినది. అచ్చటనే నిలిచిపోయినది. తప్పు గాయకునిది కాదు, రికార్డుది కాదు. ఔషధమును చివరి ఘడియలో మాత్రమే గొంతులో పోయు మన యలవాటుది.

మా నాయనగారు పోయిననాడును మా అరుగుమీద నా గీతయే మ్రోగినది. ఎవరో బంధువు తెచ్చి పెట్టినాడు. ఆ దినమున నాకది కొంత యూరట నిచ్చిన మాట నిజము. కాని, వినుచున్నకొలది ఒక యాలోచన నన్ను విడువలేదు. మా నాయనగారు శివారు రైతు. కాలువ చివర రెండెకరముల సేద్యము. బ్రదికినంతకాలము ఎగువవాడు విడిచిన నీటికై యెదురుచూచినవాడు. ఈ గ్రంథము ఆయనకు చెప్పవలసిన మాటలు చాల యున్నవి. అవి యాయన వినగల కాలమున వినబడలేదు గదా యనుకొంటిని.

గీత ఎవరికి చెప్పబడినదో యొక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. అచ్చట శవము లేదు. రోదనము చేయు బంధువులు లేరు. శంఖములు పూరించుట యైనది, సేనలు నిలిచియున్నవి, చేయవలసిన పని యెదుట నున్నది. ఆ పనిని విడిచి భిక్షమెత్తి బ్రదుకుట మేలని విల్లు జారవిడిచిన యొక నడివయస్సు గృహస్థునకు, ఆతని రథము తోలువాడు చెప్పిన మాటలివి. ఆత్మ చావదను శ్లోకములు రెండవ యధ్యాయములో నొక భాగము మాత్రమే. చావింట మనము వినునది ముఖ్యముగా నా భాగమే. మూడవ యధ్యాయమునకు వచ్చునప్పటికి మాట పూర్తిగా పనిమీదికి మఱలినది, అన్నముమీదికిని మఱలినది.

ఆ యధ్యాయములో నొక చక్రము చెప్పబడినది. ప్రాణులు అన్నమువలన పుట్టును, అన్నము వానవలన, వాన యజ్ఞమువలన, యజ్ఞము కర్మవలన. ఈ చక్రము తిరుగుచుండగా దానినుండి తీసికొని మరల దానికేమియు నీయనివాడు దొంగయని భగవానుడు నిర్మొగమాటముగా పేరు పెట్టినాడు. తన కొఱకు మాత్రమే వండుకొనువాడు తినునది పాపమని చెప్పినాడు. నాకు చిన్ననాట సంస్కృతము చెప్పిన శాస్త్రిగారు యజ్ఞమనగా హోమమనిరి. కళాశాలలో ఎడ్విన్ ఆర్నాల్డు 1885లో ప్రకటించిన యాంగ్లానువాదము మాకు చూపిన యుపన్యాసకుడు ఇది కవిసమయమనెను. ఇరువురును పెద్దలే. అయినను ఈ శ్లోకముల యర్థము నాకు తెలిసినది గ్రంథములలో గాదు, మా ఊరి కాలువగట్టుమీద.

మా డెల్టాలో అన్నము నేరుగా వానవలన పుట్టునది తక్కువ, కాలువవలన పుట్టునది యెక్కువ. ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన యానకట్ట, దాని స్థానమున తరువాతి కాలమున లేచిన బ్యారేజీ, మూడు డెల్టాలుగా చీలిన కాలువలు — వీనివలన సుమారు పది లక్షల యెకరములు పండుచున్నవి. గోదావరిలో స్నానసంకల్పము చెప్పునప్పుడు కాటను పేరు తలచు పురోహితులును మా ప్రాంతమున గలరు. పరమతస్థుడు, పరదేశీయుడు, అయినను ఆయన చేసినది యజ్ఞమేయని మా పురోహితులు గుర్తించిరి. పండితులకంటె వారే ముందుండుట నాకు సంతోషముగా నున్నది.

కాలువ యెంత పెద్దదైనను శివారుకు నీరు చేరుట చేరకపోవుట నడుమ నున్న మనుష్యుల చేతిలోని పని. ఎగువ రైతు రాత్రివేళ తూము తలుపెత్తును. లేదా గట్టుకు చిన్న గండి కొట్టును. ఆతని చేను మోకాలిలోతున నిండును. ఆఱు మైళ్ళ దిగువను ఒకని నారుమడి బీటలు వాఱును. ఆ యెగువ రైతు తెల్లవాఱుజామున లేచి, స్నానము చేసి, బొట్టు పెట్టుకొని, గీత నొక యధ్యాయము పారాయణము చేయువాడే కావచ్చును. మూడవ యధ్యాయమునకు వచ్చిననాడు ఆతని నోటితోనే ఆతడు తన్ను దొంగ యనుకొనుచున్నాడు. తెలిసియా, తెలియకయా యనునది వేఱు సంగతి.

దాళ్వాలో నీరు చాలని యేండ్లలో వంతులు పెట్టుదురు. మా వంతు తఱచుగా నడిరేయి పడెడిది. మా నాయనగారు లాంతరు పుచ్చుకొని పోయెడివారు. సెలవులలో నేనును వెంట పోయెడివాడను. మాకు దిగువను ఒక్క కమతము మాత్రమే యుండెను. అది మా దాయాదిది. ఆయనకును మా నాయనకును గట్టు తగవు వచ్చి మాటలు లేక చాల యేండ్లైనది. మా వంతు తీఱగానే మా నాయనగారు బోదె కట్టి, ఆ చీకటిలో నా దాయాది యింటికి పోయి, అరుగుమీద పరున్నవానిని కఱ్ఱతో తట్టి, "నీళ్ళొదిలేశాను, లే" అని చెప్పి వెనుదిరుగువారు. అంతకుమించి మాట లేదు. ఆయన లేచునో లేవడో చూచుటకైనను నిలుచువారు కారు. మఱునాడు వీధిలో ఎదురైనప్పుడు ఇరువురును మొగములు త్రిప్పుకొనియే పోవుచుండిరి. నిష్కామకర్మకు నేను చూచిన దృష్టాంతములలో నిది మొదటిది. స్నేహము కలియుట కొఱకు చేసిన పని కాదది, కలియనులేదు.

నీటినుండి అన్నమునకు వత్తము. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలై, 1909లో గతించిన సీతమ్మగారి పేరు కోనసీమలో వినని యిల్లు లేదు. ఏటిపాయలు దాటి వచ్చు బాటసారులకు, వరదలో కొంపలు మునిగినవారికి, కులమేదని యడుగక, వేళ కానివేళ యనక అన్నము పెట్టినది. ఒకమాఱు ఆమె అంతర్వేది స్వామిని చూడగోరి పల్లకిలో బయలుదేఱి, దారిలో నొక పెండ్లివారి గుంపు ఆకలిగొన్న పిల్లలతో, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని చెప్పుట విని, పల్లకిని వెనుకకు త్రిప్పించెనని చెప్పుకొందురు. వారు చేరునప్పటికి ఆమె పొయ్యి వెలిగియున్నది. దేవుని చూడబోయి దారిలోనే చూచి వచ్చెనని కొందఱు ఈ కథకు వేదాంతము తొడుగుదురు. నాకా తొడుగు అక్కఱలేదు. తన కొఱకు మాత్రము వండుకొనకుండుట యన్న శ్లోకమునకు ఇంతకంటె వ్యాఖ్యానమేల? ఆ గన్నవరముకడనే వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని ఆవలి దీవికి దాటించు అక్విడెక్టు కలదు. పాతదాని చెంత లేచిన క్రొత్తదానికి సీతమ్మగారి పేరే పెట్టిరి. ఏరు క్రిందను పాఱుచుండ, కాలువ పైని పాఱుచు శివారు భూములకు పోవుచుండును. పేర్లు పెట్టుటలో ప్రభుత్వములు చూపు వివేకము తక్కువే గాని ఈ పేరు మాత్రము తగిన చోట పడినది.

అన్నము పెట్టుట యొక సంగతి, అన్నముతో మనుష్యుని వెలివేయుట యింకొకటి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరు ప్రయోగించిన యాయుధము తిండినీళ్ళే. వంటవారు రారైరి, నీళ్ళు మోయువారు రారైరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు మోసితెచ్చి వంట చేసి వచ్చినవారికి పెట్టిరి. స్వధర్మమను మాటను పట్టుకొని ఆడుదానిని గడప దాటనీయని పెద్దలు నేటికిని గలరు. వారితో వాదమునకు నేను శ్లోకములు వెదుకను. ఆ బిందెను చూపుదును.

పాఠశాలలో అన్నపు సంగతి నాకు ప్రతిదినము కంటి యెదుటిది. 2001 నవంబరులో సుప్రీము కోర్టు ఇచ్చిన యాజ్ఞపై, 2003 జనవరి నుండి మన రాష్ట్రమున బడిలో వండిన యన్నము పెట్టుచున్నారు. 2024లో ఆ పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. నేను తొలుత పనిచేసిన చిన్న పాఠశాలలో వంటకు కుదిరినది పేటనుండి వచ్చిన యొక యిల్లాలు. మొదటివారములోనే ఇద్దఱు పిల్లలు ఇంటినుండి క్యారియరు తెచ్చుకొన మొదలిడిరి. కారణము ఎవరును నోట చెప్పలేదు, చెప్పనక్కఱయు లేదు. మా ప్రధానోపాధ్యాయులు, పదవీ విరమణకు దగ్గఱపడిన వృద్ధులు, శుద్ధాచారపరులు, ఉపన్యాసమేమియు చేయలేదు. మఱునాడు పళ్ళెము పుచ్చుకొని పిల్లల వరుసలో నేలమీద కూర్చుండి, "ముందు నాకు వడ్డించమ్మా" యనిరి. ఆ సంవత్సరము పొడుగునను ఆ వరుసలోనే తినిరి. ఒక క్యారియరు పదిదినములలో మానినది. రెండవది పరీక్షలవఱకును వచ్చుచునే యుండెను.

అయిదవ యధ్యాయములో భగవానుడు పండితుడనగా నెవడో చెప్పినాడు: విద్యావినయములు గల బ్రాహ్మణునియందును, కుక్కమాంసము వండుకొనువానియందును సమముగా చూచువాడని. మా యుద్యోగమునకు ప్రభుత్వము పెట్టిన పేరు భాషాపండితుడు. ఆ శ్లోకము తెలిసిననాటినుండి హాజరు పట్టీలో ఆ పేరు ప్రక్కన సంతకము చేయునప్పుడు కలము కొంచెము తడబడుచుండును.

ఇక మిక్కిలి దుర్వినియోగమైన మాటకు వచ్చెదను. పనియందే నీకధికారము, ఫలమునందు లేదు అను భావముగల శ్లోకము రాని తెలుగువాడు లేడు. దీనిని తనకు చెప్పుకొనువారిని నేను తక్కువగా చూచితిని. ఇతరులకు చెప్పువారిని కోకొల్లలుగా చూచితిని. యజమాని కూలివానికి చెప్పును. అత్త కోడలికి చెప్పును. బడిలో వండువారికి నెలకిచ్చు గౌరవవేతనమును 2019లో 3,000 రూపాయలకు పెంచిరి. ఒకసారి అది మా వంటమనిషికి కొన్ని నెలలు బకాయి పడినది. సరుకులు అరువు తెచ్చి వండుచుండెను. ఆ బకాయి యడుగ వచ్చిననాడు, ఏదో పనిమీద బడికి వచ్చిన యొక పెద్దమనిషి చిఱునవ్వుతో, "నీది నిష్కామకర్మ అమ్మా. పసిపిల్లల కడుపు నింపుతున్నావు. ఫలం భగవంతుడు చూసుకుంటాడు" అనిరి. ఆమె చెంగు సర్దుకొని, "ఆయ్, భగవంతుడు చూస్తాడండి. కిరాణా కొట్టాయన చూడడు గదండీ" యనెను.

ఆమె జవాబులో శాస్త్రమున్నది. ఆ బోధ చేసినవాడెవడు, విన్నవాడెవడు? విన్నవాడు రాజపుత్రుడు, ధనుర్ధరుడు, గెలిచినచో రాజ్యమేలదగినవాడు. చెప్పినవాడు ఆతని సారథి. యుద్ధమధ్యమున గుఱ్ఱములను విప్పి, వాని యొడలి బాణములు తీసి, నీరు పెట్టినవాడు. క్రింది పీఠముపై కూర్చున్నవాడు పై పీఠమువానికి, నీకు రాబోవు ఫలముపై ఆశ విడువుమని చెప్పినాడు. మనము దానిని తలక్రిందులు చేసి, పైనున్నవాడు క్రిందివానితో, నీ కూలిపై ఆశ విడువుమని చెప్పుచున్నాము. ఫలత్యాగము తన ఫలమును తాను విడుచుట. ఇతరుని ఫలమును విడిపించుటకు మూడవ యధ్యాయము పెట్టిన పేరు వేఱుగా నున్నది, పైని చెప్పియేయున్నాను. ఉండవలసినవారు నిలిపియుంచిన కూలి త్యాగము కాదు, బాకీ.

ఈ భేదమును చక్కగా నెఱిగినవాడు వినోబా. 1932లో ధూలియా చెఱసాలలో తోడి ఖైదీలకు గీతపై ఉపన్యాసములు చెప్పినది ఆయనయే. పందొమ్మిదేండ్ల తరువాత, 1951 ఏప్రిల్ 18వ తేదీన, తెలంగాణములో పోచంపల్లికి కాలినడకను వచ్చినప్పుడు హరిజనులు ఎనుబది యెకరములు కావలెనని యడిగిరి. గీత నంతగా నమ్మినవాడు వారికి, ఫలమాశింపక కూలి చేసికొనుడని చెప్పియుండవచ్చును. చెప్పలేదు. భూమిగలవారి వైపు తిరిగి యడిగినాడు. వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములిచ్చిరి. భూదానోద్యమము తరువాత ఎంతవఱకు ఫలించినది, ఎచ్చట చతికిలబడినది యను చర్చ యిక్కడ చేయను. శ్లోకమును ఎవరికి వినిపింపవలెనో ఆ సాయంకాలము ఆయనకు తెలిసియుండెను. నాకు కావలసినది అంతవఱకే.

మా వంటమనిషి బకాయి తరువాతి నెలలో వచ్చినది. అంతవఱకు ఉపాధ్యాయులము నలుగురము తలకొంత వేసికొని కొట్టు అప్పు తీర్చితిమి. దీనిని దానమని మాలో నొకరు అనబోగా, పదునేడవ యధ్యాయములోని దానలక్షణము నేను గుర్తు చేసితిని. ప్రత్యుపకారము కోరి ఇచ్చునది అందులో రెండవ తరగతి. పిల్లలకు మంచి పప్పు పడునను స్వార్థము మాకుండెను గనుక, రెండవ తరగతి యని నిర్ణయించుకొని నవ్వుకొంటిమి.

సాయంకాలమున మా యింట నలుగురైదుగురు పిల్లలకు సంస్కృతము చెప్పుచుందును. గీతను మొదటినుండి గాక మూడవ యధ్యాయమునుండి మొదలుపెట్టితిని. కొందఱి తల్లులు, "పిల్లలకు అప్పుడే గీతేమిటండీ" యని జంకిరి. ఆ జంకు ఎందువలననో ఈ వ్యాసము చదివినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఒకనాడు చివరి యధ్యాయములోని మాట చెప్పవలసివచ్చినది. అంతయు బోధించిన పిమ్మట కృష్ణుడు, దీనిని సంపూర్ణముగా విమర్శించుకొని నీకెట్లు తోచిన నట్లు చేయుమని అర్జునునకే విడిచినాడు. ఉపాధ్యాయుడనైన నాకు గీతలో మిక్కిలి యిష్టమైన మాట యిది. నేనైతే బెత్తము పుచ్చుకొందును.

ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక పిల్ల చేయెత్తి, "మఱి ఆయనిష్టమే అయితే అంతసేపు చెప్పడమెందుకండీ?" యని యడిగినది. రథము తోలుట ఆయన పని, విల్లెత్తుట అర్జునుని పని యని చెప్పితిని. పిల్ల తృప్తిపడలేదు. "అంతా విని కూడా అర్జునుడు వద్దనేస్తే, కృష్ణుడు రథం దిగి వెళ్ళిపోయేవాడా?" అనినది. మిగిలినవారును పుస్తకములు మూసి నా మొగము చూచిరి. దీపాలవేళ యగుచుండెను. ఆదివారమునాడు నాలుగవ యధ్యాయము మొదలుపెట్టవలసియున్నది. దానిని వాయిదా వేసి ఆ ప్రశ్ననే తీసికొందమని చెప్పి, వారిని ఇండ్లకు పంపితిని.